గాడి తప్పిన మోకు

వల్లూరు గంగక్క పేనిన మోకు తెగిందని చుట్టూ ఊర్లల్లో ఒక్కరు కూడా చెప్పలేదు. అట్లాంటి చెయ్యి అది. కానీ పొద్దన్నే దావలో ఆ మనిషి ఎదురైతే మాత్రం జనం తూ అని ఉమ్మేసి వెనక్కి తిరిగేవాళ్లు. మోకు కావాల, మోకు పేనిన మనిషి వద్దు. ఇదేం న్యాయమప్పా అని అడగబాకండి. ఆ కాలంలో న్యాయాన్ని కూడా ఉన్నోళ్ల కొట్టంలోనే కట్టేసుకునేవాళ్లు.

మైసూరు రాజుల ఏలుబడి. పావగడ సీమ మైసూరుదే గానీ చుట్టూరా ఇంగ్లీషోళ్ల అనంతపురం జిల్లా. వాన అంటే మబ్బు చూసి మురవడమే గానీ తడిసిందెప్పుడు? రాగి అయినా చెనిక్కాయ అయినా బతకాలంటే బావి నీళ్లే దిక్కు, బావి నీళ్లు పైకి రావాలంటే కపిలే దిక్కు. బావి గట్టున రెండు కొయ్యలు నిలబెట్టి, వాటి నడుమ చెక్క గిలక బిగిస్తారు. గిలక మీదుగా మోకు, అంటే మణికట్టంత లావు తాడు, పోతాది. ఒక కొన తోలు బానకి, ఇంకో కొన ఎద్దుల కాడికి. ఎద్దులు వాలుబాటలో కిందికి దిగితే బాన నిండుగా పైకొచ్చి తొట్టిలో పోస్తాది. తోలేవాడు ఆ మోకు మీదనే కూర్చొని ఎద్దులతోపాటు దిగుతాడు, వాని బరువు ఎద్దులకి సాయం. మల్ల ఎద్దులు వెనక్కి వెనక్కి నడుస్తా పైకి రావాల. పొద్దు పుట్టినప్పట్నించి పొద్దు గూకేదాకా ఇదే పని. ఎద్దుకీ ఇదే, మనిషికీ ఇదే.

గంగక్క ఈ మోకుల పని వాళ్ల నాయన కాడ నేర్చుకున్నది. కొడుకులు లేరు గాబట్టి కూతురికి నేర్పినాడాయన. కిత్తాకు, అంటే కలబంద లాంటి ముళ్ల ఆకు, కోసుకొచ్చి, కుంట నీళ్లలో కుళ్లబెట్టి, బండ మీద బాది, నార తీసి, దువ్వి, పాయలు పాయలుగా పురి పెట్టేది. కుళ్లిన కిత్తాకు వాసన ఆమె ఒంటిని ఎప్పుడూ వదిలింది లేదు. ఆ నీళ్లకి అరచేతులు దురదెత్తి పగిలేవి. పగుళ్లలో ఆముదం పూసుకొని మల్ల పేనేది.

నార తీసేది, పురి పెట్టేది ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆమె తండ్రి నేర్పిన అసలు విద్య వేరే. గిలక చుట్టూ లోతుగా చెక్కి ఉంటాది చూడండి, మోకు తిరిగే దావ, దాన్ని గాడి అంటారు. మోకు గాడిలో కూర్చోవాల, నిలబడగూడదు అని ఆయన మాట. గాడి అడుగు ఇరుకై మోకు లావైతే అది అంచుల మీద నిలబడతాది. పొడిగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతాది, మనల్ని నమ్మిస్తాది. నీళ్లు తాగి ఉబ్బినాక, బాన కాస్త అటూ ఇటూ ఊగితే చాలు, అంచు దాటి దూకి ఇరుసు మీద పడి బిగుసుకుంటాది. మోకు దూకిందంటే తోలేవాడు బోర్లా పడతాడు. ఎద్దులు మెడలు పట్టేసి వెనక్కి ఈడ్చుకొని పోతాయి. అట్ల ఎద్దులతో సహా బావిలోకి పోయినవాళ్లు ఉన్నారు.

అందుకే గంగక్క గిలకను చూడకుండా నార ముట్టేది కాదు. గుప్పెడు బంకమన్ను తడిపి గాడిలో గట్టిగా అదిమి తీసేది. మన్ను ముద్దకి గాడి రూపం అచ్చు దిగేది. పైన వెడల్పెంత, అడుగున ఇరుకెంత, అంతా ఆ ముద్దే చెప్పేది. దాన్ని ఎండబెట్టి పక్కన పెట్టుకొని, తడిసి ఉబ్బే ఉబ్బు కూడా లెక్క చూసుకొని పాయలు కలిపేది. ఏ బావి మోకు ఆ బావిదే. ఒకదాని మోకు ఇంకొకదానికి ఇయ్యమంటే చస్తే ఇచ్చేది కాదు.

ఆమె మొదటి మొగుడు దొడ్డన్న. పెండ్లయిన కొద్ది దినాలకే ఊరికి గత్తర వచ్చింది. పొద్దన వాంతులు మొదలైన మనిషి మాపటికి లేడు. పసుపు ఇంకా ఆరలేదు, గాజులు పగలగొట్టినారు. తండ్రీ పోయినాడు. ఒంటి గుడిసెలో మోకులు పేనుకుంటా కొన్నేళ్లు గడిపింది. ఆ మోకులు తీసుకుపోయేదానికి వచ్చేవాడు బైలప్ప. ఊర్లో పెద్ద సేద్యగాడు నారప్ప బావికి కపిల తోలే జీతగాడు. బక్కపల్చని మనిషి, నవ్వు మాత్రం నోరంతా ఉండేది. వచ్చిన పని అయిపోయినా పోయేవాడు కాదు, గుమ్మం కాడ కూర్చొని ఎద్దుల సంగతులు చెప్పేవాడు. ఒకనాడు చెప్పేసినాడు, నన్ను తోడుకో అని.

ఆమె భయపడింది. ఊరు ఊరుకుంటాదా అని అడిగింది. ఊరితో నాకేం పని, నాకు నువ్వు కావాల అన్నాడు. ఆ మాటకే పడిపోయింది గంగక్క. ఎవరు పడిపోరు చెప్పండి? కులం పెద్దల ముందర చీర పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నాడు. దీన్నే మారుమనువు అంటారు. కులం ఒప్పుకుంటాది గానీ శుభానికి పిలవదు. మారుమనువు ఆడమనిషి పెండ్లి పందిట్లోకి రాగూడదు, పసుపు దంచగూడదు, బాలింత నీళ్లు పోయగూడదు. పనికి మాత్రం పనికొస్తాది. ఎంత పనైనా చెయ్యచ్చు.

అయినా ఆ ఏడాదంత సుఖం ఆమె ఎరగదు. బైలప్ప మాపు ఇంటికొచ్చి, సంగటి తింటా, నీ మోకు మీద కూర్చుంటే నీ ఒళ్లో కూర్చున్నట్లే ఉంటాదే అని ఎకసెక్కాలాడేవాడు. ఆమె సిగ్గుతో చెంబు విసిరేది. ఆ మనిషంటే ఆమెకి పిచ్చి. ఆయన కూర్చునే మోకు గాబట్టి నారప్ప బావి మోకుకి ఇంకో పొద్దు ఎక్కువే పట్టేది.

ఆ ఏటి ఎండలకి నారప్ప బావి గిలక పగిలింది. మామూలుగా అయితే పావగడ నుంచి కాటప్ప అనే వడ్రంగి వచ్చి తుమ్మ కొయ్యతో చెక్కిపోయేవాడు. నారప్పకి అది చాలలేదు. ఇంగ్లీషు సీమకు పోయి, హిందూపురం సంతలో తయారుగా ఉన్న గిలకను బండి కట్టించుకొని తెచ్చినాడు. చుట్టూ ఇనుప పట్టా, అంచులకి నునుపు. ఊరి మొదట్లో బండి ఆపి తప్పెట్లు కొట్టించినాడు. గిలకకి ఊరేగింపు! ఊరంతా నోరు తెరుచుకొని చూసింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండింది. కొత్త గిలకకీ కొత్త మోకుకీ పెండ్లి చేస్తారు. గిలక పెండ్లికూతురు, మోకు పెండ్లికొడుకు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పసుపుకొమ్ము కట్టి, తొలిమనువు ఆడోళ్లు హారతిచ్చి బావి మీదికి ఎక్కిస్తారు. నారప్ప తల్లి వెంకటక్క ఈ పెండ్లికి పెద్ద. పగిలిన పాత గిలకను ఎక్కించినప్పుడు గంగక్క ఇంకా పెండ్లి కాని పిల్ల, అప్పుడు ఆమె ముట్టుకున్నా ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు బంకమన్ను తీసుకొని నారప్ప ఇంటికి పోతే, వెంకటక్క గడప కాడే నిలబెట్టేసింది. మారుమనువు చెయ్యి పెండ్లికూతురి మీద పడగూడదు, తొలి పంట కళ్లానికి వచ్చేదాకా బావి గట్టు కూడా ఎక్కగూడదు అనింది.

"అవ్వా, గాడి చూడకుండా మోకు ఎట్ల పేనేది?"

"పాత గిలక చూసినావు గదా. గిలకంటే గిలకే. నువ్వు పేను, ముట్టబాక."

మోకు పేనే చేతికి లేని మైల గిలక ముట్టే చేతికి వచ్చిందంట! ఆ ముసలిదాని నోట్లో మన్ను పడ! కానీ గంగక్క వెనక్కి తిరిగింది. జీతగాని పెండ్లాం. ఇంటికొచ్చి ఆ మన్ను ముద్దను బైలప్ప చేతిలో పెట్టింది. గాడిలో అడుగుదాకా అదిమి తియ్యి, పగలకుండా తెచ్చియ్యి, మిగతాది నేను చూసుకుంటా అని చెప్పింది. రెండుమార్లు చెప్పింది. సరేలే అని పోయినాడు.

వచ్చేటప్పుడు ఉత్త చేతులతో వచ్చినాడు. మన్నేది అంటే, ఎండి పగిలిపాయ, దావలోనే పారేసినా అన్నాడు. వేళ్లు పెట్టి చూసినా, సరిగ్గా మూడు వేళ్లు పట్టింది, నీ పాత కొలతే అన్నాడు. మొగం ఎందుకో చిటచిటలాడతా ఉండింది. మల్ల పోయి రమ్మని ఆమె అడగబోయింది. ఎన్నిసార్లు పొమ్మంటావే అని కసిరినాడు. మొగుడు చెప్పింది గదా అని నమ్మింది. మూడు వేళ్ల లావుకే పేనింది. జీవితంలో మొదటిసారి, గాడి రూపం కంటి ముందర లేకుండా పేనింది.

గిలక పెండ్లి ఘనంగా జరిగింది. గట్టు చుట్టూ వెంకటక్క వరసగా రాళ్లు పేర్పించి సున్నం పూయించింది, అది దాటి గంగక్క రాగూడదని గుర్తు. బెల్లం పంచినారు. గంగక్క ఆ రాళ్ల ఇవతల నిలబడి చూసింది. దూరం నుంచి గిలక అందంగా కనిపించింది. బైలప్ప తలపాగ చుట్టుకొని మోకు మీద కూర్చొని మొదటి బాన తోడినాడు. మొదటి పొద్దంతా మోకు నున్నగా తిరిగింది.

నీళ్లు తాగినాక దూకింది. అదృష్టం బాగుండి అప్పుడు బాన ఖాళీ. బైలప్ప కర్రతో ఎత్తి గాడిలో వేసినాడు. మరుసటి పొద్దు మల్ల దూకింది. సంగటి ఇచ్చేదానికి వచ్చిన గంగక్క రాళ్ల ఇవతల నుంచే చూసింది. మోకు గాడిలో కూర్చోలేదు, నిలబడి ఉండాది.  నారప్ప ఆడనే చెట్టు కింద నలుగురితో కూర్చొని ఉంటే పోయి, చేతులు జోడించి చెప్పింది. సామీ, కపిల ఆపండి, ఒక్కసారి నన్ను గాడి చూడనియ్యండి, ఈ మోకు ఈ గిలకకి పొత్తు కుదర్లేదు, వేరే పేనిస్తా అని.

నారప్ప ఆకువక్క నములుతా ఆమెను కింది నుంచి పైదాకా చూసినాడు.

"ఏమే గంగీ, నువ్వు రెండో మొగునికి సర్దుకోలేదా? గిలకా అట్లే సర్దుకుంటాది. కొత్తలో అట్ల ఎగురుతుంటాది లే."

నలుగురూ పగలబడి నవ్వినారు. ఆమె తల దించుకుంది. దించుకునే ముందర గట్టు మీదికి చూసింది. బైలప్ప కూడా నవ్వినాడు. పెద్దగా కాదు, ముసిముసిగా, యజమాని నవ్వితే జీతగాడు నవ్వాల గదా, అట్ల. నారప్ప మాట కన్నా ఆ నవ్వే ఆమెను ఎక్కువ పొడిచింది. పుండు మీద కారం చల్లినట్లయింది ఆమెకి.

మాపు ఇంట్లో కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఈ మోకు మీద కూర్చోబాక, పనికి పోబాక, ఒంట్లో బాగలేదని చెప్పు అని బతిమాలింది. బైలప్పకి కోపమొచ్చింది. చేలు ఎండతా ఉంటే ఇంట్లో పడుకోమంటావా, నేను పోకుంటే నాగన్నను పెట్టుకుంటాడు అన్నాడు. నాగన్న ఆ ఇంట్లోనే ఎద్దులు చూసే ఇంకో జీతగాడు. సరే పో, కానీ మోకు దూకితే చెయ్యి పెట్టబాక, కర్రతోనే ఎత్తు అని ఆమె చెప్పింది. కపిల తోలేది నాకు నువ్వు నేర్పుతావా అని ఆయన పక్కకి తిరిగి పడుకున్నాడు.

మరుసటి పొద్దు గంగక్క గట్టు కింద చేనిలో గడ్డి కోస్తా ఉండింది. గిలక కీచుమంటా తిరిగేది ఉన్నట్టుండి ఆగింది. తలెత్తి చూస్తే మోకు ఇరుసు మీద పడి బిగుసుకొని ఉండాది, నిండు బాన బావి నడుమ వేలాడతా ఉండాది. బైలప్ప నాగన్నను పిలిచి ఎద్దులను పట్టుకోమన్నాడు. కర్ర పెట్టి ఎత్తినాడు, రాలేదు. నిండు బాన బరువు. కర్ర పారేసి, గట్టు మీద వంగి, రెండు చేతులూ మోకు కింద పెట్టినాడు. అంతలో వలపటెద్దు, కుడిపక్కది, ఈగలకి తల విదిలించి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఒక్క అడుగే. బాన కిందికి జారింది. మోకు గుంజుకుంది. ఎడమ చెయ్యి తప్పించుకుంది, కుడి చెయ్యి మోకుకీ గిలక అంచుకీ నడుమ పోయింది. ఇనుప పట్టా అది. బైలప్ప అరుపు పక్కూరు తిరుమణి దాకా వినిపించి ఉంటాది.

గంగక్క కొడవలి పట్టుకొని పరిగెత్తింది. మోకు కోస్తే బాన బావిలో పడతాది, చెయ్యి వదులవుతాది. అంతే, ఒక్క కోత. పరిగెత్తి పరిగెత్తి, ఆ సున్నం రాళ్ల కాడికి వచ్చేసరికి ఆమె కాళ్లు ఆగిపోయినాయి. ఎవరూ ఆపలేదు. వెంకటక్క ఆడ లేనే లేదు. కాళ్లే ఆగినాయి. అయ్యో, ఎంత పాడు కాళ్లవి! రెప్పపాటే ఆగింది, కానీ ఆ రెప్పపాటును ఆమె చచ్చేదాకా తిట్టుకుంటానే ఉండింది. రాళ్లు దాటి దూకేసరికి నారప్ప వచ్చి అడ్డం నిలబడినాడు.

"మోకు కొయ్యబాక. కొత్త బాన, బావిలో పడితే మల్ల చేతికి రాదు. నాగా, ఎద్దుల్ని ముందుకి తోలరా."

ఎద్దుల్ని ముందుకి తోలితే మోకు అదే చేతి మీద వెనక్కి తిరగాల. అందరికీ తెలుసు అది. నాగన్నకీ తెలుసు. తోలినాడు. నిండు బాన, రెండెద్దుల బలం, అంతా ఆ చేతి మీదుగా ఇంకోసారి పోయింది. బాన పైకొచ్చింది. నీళ్లు తొట్టిలో పోసుకున్నాయి. బైలప్ప అరవడం ఆపి గట్టు మీద వాలిపోయినాడు. బాన చెక్కుచెదరలేదు.

బండిలో పావగడ ఆసుపత్రికి వేసుకొని పోయినారు. చెయ్యి మోచేతి కాడికి తీసేసినారు. దినాలు గడిచి ఇంటికొచ్చినాక ఆయన ఎక్కువ మాట్లాడేది మానేసినాడు. గంగక్క పక్కన కూర్చొని ముద్ద కలిపి తినిపించేది, తలపాగ చుట్టేది, చిన్నబిడ్డకి చేసినట్లు అన్నీ చేసేది. మనిషి మిగిలినాడు గదా, చాలు అనుకునేది. ఊరు మాత్రం అనేసింది. ఒకణ్ణి మింగింది, రెండోవాని చెయ్యి తినింది అని. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. గిలక తెచ్చినవాడు ఘనుడు, మోకు పేనింది పాపిష్టిది.

కొన్నాళ్లకి నారప్ప మనిషిని పంపించినాడు, వేరే మోకు కావాలంట. ఆమె పోయింది. గట్టు కింద ఆగితే వెంకటక్కే రమ్మనింది. "ఇంగ నువ్వు ముట్టితే ఏం, ముట్టకుంటే ఏం? నెత్తురు పడిన గిలక" అనింది. ఆ గిలకను గంగక్క మొదటిసారి చేత్తో తడిమింది. ఎంత కడిగినా చెక్క సందుల్లో నల్లగా మరక ఉండాది. బంకమన్ను తడిపి గాడిలో అదిమి తీసింది. వెలుతురుకి పట్టి చూసింది. గాడి పైన మూడు వేళ్ల వెడల్పు, అడుగు చూస్తే రెండు వేళ్లు కూడా పట్టదు. గుండ్రంగా కాదు, కోసుగా చెక్కినారు. ఇంగ్లీషు సీమ సన్న మోకులకి చేసిన గిలక అది.

మన్ను పెట్టి ఉంటే ఈ రూపం తెలిసేది. ఎండినా, పగిలినా, అచ్చు చూసినవానికి తెలిసేది. ఎద్దుల కాడ నిలబడిన నాగన్న ఆమె చేతిలో ముద్దను చూసి తల గోక్కున్నాడు. ఆ పొద్దు బైలన్న కూడా మన్ను తెచ్చినాడక్కా అన్నాడు. ఏమిరా, పెండ్లాం మన్ను మోపించిందా అని అరుగు మీదోళ్లు ఎగతాళి చేస్తే, సిగ్గుపడి కాలవలోకి విసిరేసినాడంట. మూడు వేళ్లు అట్ల పైన పెట్టి చూసి పోయినాడంట. నాగన్న మంచి చెడ్డ తెలీని మనిషి, చూసింది చూసినట్లు చెప్పినాడు.

గంగక్క ముద్ద పట్టుకొని ఇంటికొచ్చింది.  అబద్ధం చెప్పినాడే, నాతో అబద్ధం చెప్పినాడే అనుకుంటా వచ్చింది. ఇంట్లోకి రాంగానే ఆయన మొండి చెయ్యి చూసింది. కోపమంతా నీరుగారిపోయింది. పోయిన చెయ్యి ఆయనదే గదా, ఇంగ ఈ మాట ఎత్తి ఏం సాధించేది అనుకుంది. కడుపులోనే పెట్టుకుంది.

మోకు పేనేటప్పుడు ఒక పాడు బుద్ధి పుట్టింది ఆమెకి. ఉన్నది ఉన్నట్లు చెప్పాల గదా. మల్ల మూడు వేళ్ల లావుకే పేని, నారప్పను ఆ మోకు మీద కూర్చోబెట్టాలని పుట్టింది. ఆ గిలక మీద ఆ కొవ్విన చెయ్యి నలుగుతా ఉంటే, బాన భద్రమా సామీ అని అడగాలని పుట్టింది. కానీ నారప్ప ఎప్పుడు మోకు మీద కూర్చున్నాడు? కూర్చునేది నాగన్న. పండ్లు కొరుక్కుంటా, అడుగు కొలతకి, ఉబ్బు చూసి, సరిగ్గా పేనింది.

ఆ మోకు దూకలేదు. పొడిలో దూకలేదు, తడిలో దూకలేదు. నాగన్న దినమంతా తోలినా గాడిలో కూర్చొని తిరిగింది. గంగక్కకి కడుపు నిండినట్లయింది. ఇంగ ఊరికి అర్థమవుతాది, తప్పు కొలతదే గానీ మనిషిది కాదని అర్థమవుతాది అనుకుంది. పిచ్చిది! ఊరికి అర్థమైంది వేరే. అదే గిలక, అదే చెయ్యి పేనిన మోకు, నాగన్నకి గోరు కూడా రాలలేదు, మరి బైలప్పకే ఎందుకయ్యింది? నాగన్న ఆమె మొగుడు కాదు గాబట్టి. లెక్క తేలిపోయింది. వెంకటక్క ఇంటింటికీ పోయి ఈ లెక్క ఒప్పజెప్పింది. ఆమె చేసిన మంచి పనే ఆమె మీద సాక్ష్యం చెప్పింది.

ఒకనాటి మధ్యాహ్నం గంగక్క సంగటి ముద్ద కలిపి ఆయన నోటి కాడికి తెచ్చింది. బైలప్ప మొగం తిప్పుకున్నాడు. బావి కాడ గిలక తిరిగే చప్పుడు ఇంట్లోకి వినిపిస్తా ఉండింది.

"గిలక అదే. పేనిన చెయ్యీ అదే. నాగన్నకి ఏమీ కాలేదు. ఇంగ మిగిలింది నువ్వే గదే."

ఊరంతా అన్నప్పుడు ఓర్చుకుంది ఆమె. ఈ నోటితో వినేసరికి లోపల ఏదో పుటుక్కున తెగింది. చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"నువ్వు మన్ను పెట్టలేదయ్యా. కాలవలో పారేసినావు. నాకు తెలుసు."

ఆయన మొగంలో రంగు పోయింది. మరిచిపోలేదు ఆయన, ఒక్క దినం కూడా మరిచిపోయి ఉండడు. ఆమె అది చూసింది. ఇప్పుడు ఏడుస్తాడు, నేనూ ఏడుస్తాను, ఇద్దరికీ బరువు దిగిపోతాది అనుకుంది. ఆమె చెయ్యి ఆయన భుజం మీదికి పోయింది కూడా. ఆయన ఆ చేతిని విదిలించుకున్నాడు.

"నువ్వు తొలిమనువుదానివే అయ్యుంటే, నాకు మన్ను మోసే ఖర్మ యాడ పట్టేది?"

తోడుకో అని అడిగిన నోరే అది. ఊరితో నాకేం పని అన్న నోరే.   ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు మరి, అదే ఘోరం.

మరుసటి పొద్దు బైలప్ప బలసముద్రంలో వాళ్లక్క ఇంటికి పోతానన్నాడు. మల్ల ఎప్పుడొస్తావని ఆమె అడగలేదు, వస్తానని ఆయన చెప్పలేదు. ఒంటి చేత్తో మూట కట్టలేడు గాబట్టి ఆమే కట్టింది. పంచ, కంబళి, దావలో తినేదానికి రెండు రొట్టెలు పెట్టింది. రొట్టెలు వద్దన్నాడు, తీసేసింది. ఊరి బయటిదాకా మూట మోసుకొని వెనకాల నడిచింది. దావలో ఎదురైనోళ్లు ఆయన్ను చూసి అయ్యో అన్నారు, ఆమెను చూసి పక్కకి తప్పుకున్నారు.

బలసముద్రం దావ చీలే కాడ ఆయన ఆగినాడు. ఆమె మూట ఆయనకి అందించబోయింది. ఎడమ చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాడు. చాపలేదు.

"కింద పెట్టు. నేను తీసుకుంటా."

గంగక్క మూట కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. బైలప్ప వంగి, ఎడమ చేత్తో దుమ్ము దులుపుకొని, మూట ఎత్తుకొని పోయినాడు.